ఢిల్లీ – శాన్ ఫ్రాన్సిస్కో: దూరం మారదు, ప్రయాణ కాలం ఎందుకు మారుతుంది?

న్యూఢిల్లీ: ఢిల్లీ నుంచి అమెరికా పశ్చిమ తీరంలోని శాన్ ఫ్రాన్సిస్కోకు ఎంత దూరం? భూగోళంపై అతి దగ్గరి దారిని కొలిస్తే సుమారు 12,400 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వెళ్లే విమానానికి లెక్క ప్రకారం 14 గంటల లోపు ప్రయాణం. అయితే ఈ రెండు నగరాల మధ్య విమానాలు ఆ దారిలో వెళ్లవు. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా వెళితే సుమారు 13,900 కి.మీ., పసిఫిక్ మహాసముద్రం మీదుగా వెళితే సుమారు 15,300 కి.మీ. ప్రయాణించవలసి ఉంటుంది. వింత ఏమిటంటే, ఈ రెండింటిలో పొడవైన దారిని ఎంచుకున్నప్పుడే విమానం ముందుగా గమ్యం చేరింది.

రెండు నగరాల మధ్య దూరం భౌగోళిక సత్యం. అది మారదు. ప్రయాణ కాలం అలాంటిది కాదు. గాలి, పర్వతాలు, ఇంధనం, అత్యవసర విమానాశ్రయాలు, దేశాల మధ్య సంబంధాలు అన్నీ కలిసి దానిని నిర్ణయిస్తాయి. సిలికాన్ వ్యాలీలో ఉద్యోగం చేస్తున్న పిల్లల వద్దకు వెళ్లే తల్లిదండ్రులకు, చదువు కోసం వెళ్లే విద్యార్థులకు, అత్యవసరంగా స్వదేశానికి రావలసిన వారికి ఈ లెక్క కేవలం ఆసక్తికరమైన విషయం కాదు. టికెట్ ధర, మధ్యలో ఆగే చోటు, తదుపరి విమానం అందుతుందా లేదా అన్నవన్నీ దీనిపైనే ఆధారపడి ఉంటాయి.

పటంపై గీత వేరు, గోళంపై గీత వేరు

గోడకు తగిలించిన ప్రపంచ పటంలో ఢిల్లీ, శాన్ ఫ్రాన్సిస్కోలను స్కేలుతో కలిపితే గీత చైనా, జపాన్, పసిఫిక్ మీదుగా తూర్పునకు సాగుతుంది. ఢిల్లీ 28.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై, శాన్ ఫ్రాన్సిస్కో 37.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నందున ఈ గీతే సహజమైన దారిగా కనిపిస్తుంది. కానీ ఆ గీత వెంబడి ప్రయాణిస్తే దూరం దాదాపు 15,000 కిలోమీటర్లు అవుతుంది.

భూమి గుండ్రనిది. గుండ్రని వస్తువును చదునైన కాగితంపై పరిచినప్పుడు ధ్రువాల సమీప ప్రాంతాలు సాగిపోయి పెద్దవిగా కనిపిస్తాయి. అందువల్ల పటంపై తిన్నగా ఉన్న గీత గోళంపై దగ్గరి దారి కాదు. ఒక గ్లోబు తీసుకొని, ఈ రెండు నగరాల మధ్య దారాన్ని బిగుతుగా లాగి పట్టుకుంటే అసలు దారి తెలుస్తుంది. దారం తూర్పునకు కాక ఉత్తర దిక్కుకు పోతుంది. హిమాలయాలు, టిబెట్, సైబీరియా దాటి, ఆర్కిటిక్ సముద్రంలో దాదాపు 75 డిగ్రీల అక్షాంశం వరకు వెళ్లి, అక్కడి నుంచి అలాస్కా వైపుగా అమెరికా పశ్చిమ తీరానికి దిగుతుంది.

భూకేంద్రం గుండా పోయే తలంతో భూమిని కోస్తే ఉపరితలంపై ఏర్పడే వృత్తాన్ని మహావృత్తం అంటారు. గోళంపై ఏ రెండు బిందువుల మధ్యనైనా అతి తక్కువ దూరం ఈ వృత్తం వెంబడే ఉంటుంది. రెండు విమానాశ్రయాల అక్షాంశ, రేఖాంశాలు తెలిస్తే భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లుగా తీసుకొని ఈ దూరాన్ని లెక్కిస్తారు. ‘విమాన దూరం’ పేరుతో సాధారణంగా కనిపించే అంకె ఇదే. ఏ విమానమైనా ప్రయాణించగల కనిష్ఠ దూరాన్ని ఈ అంకె చెబుతుంది. వాస్తవంగా అది ఎంత ప్రయాణిస్తుందో చెప్పదు.

తొలి అడ్డంకి హిమాలయాలు

ఢిల్లీ నుంచి మహావృత్తం దారిలో బయలుదేరిన విమానానికి ముందుగా ఎదురయ్యేది హిమాలయ పర్వతశ్రేణి, దాని వెనుక టిబెట్ పీఠభూమి. ప్రయాణికుల విమానాలు 10 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతాయి. ఎవరెస్ట్ ఎత్తు 9 కిలోమీటర్ల లోపే. కాబట్టి శిఖరాలపై నుంచి ఎగిరిపోవడం విమానాలకు అసాధ్యమేమీ కాదు. సమస్య అంతా అత్యవసర పరిస్థితిలోనే వస్తుంది.

విమానం లోపలి గాలి పీడనం ఆకస్మికంగా పడిపోతే పైలట్లు వెంటనే సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దిగాలి. ఆ ఎత్తులో మనిషి మామూలుగా ఊపిరి తీసుకోగలడు. సీట్లపై నుంచి వేలాడే ముసుగులు ఆక్సిజన్‌ను కొద్ది నిమిషాలపాటే అందిస్తాయి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లకు పైగా ఉంది. అక్కడ 3,000 మీటర్ల ఎత్తుకు దిగడానికి చోటే ఉండదు. పైగా పెద్ద విమానం దిగగల విమానాశ్రయాలు ఆ ప్రాంతంలో చాలా తక్కువ. అందుకే చాలా విమానయాన సంస్థలు ఆ పీఠభూమిని చుట్టి వెళతాయి.

అలా చుట్టి వెళ్లడానికి ఢిల్లీకి రెండే ద్వారాలు ఉన్నాయి. ఒకటి పడమటి ద్వారం. పాకిస్థాన్, అఫ్గానిస్థాన్, మధ్య ఆసియా మీదుగా ఐరోపాకు, అక్కడి నుంచి అట్లాంటిక్ దాటి అమెరికాకు చేరడం. రెండవది తూర్పు ద్వారం. బంగ్లాదేశ్, మయన్మార్, చైనా, జపాన్ మీదుగా పసిఫిక్ దాటడం. ఈ రెండు ద్వారాల మధ్య ఎంపికే ఢిల్లీ – శాన్ ఫ్రాన్సిస్కో ప్రయాణ కాలానికి మూలం.

1,400 కి.మీ. ఎక్కువ, రెండు గంటలు తక్కువ

ఎయిర్ ఇండియా ఢిల్లీ – శాన్ ఫ్రాన్సిస్కో విమానం మొదట అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. ఆ దారి సుమారు 13,900 కి.మీ. 2016 అక్టోబరు 16న ఆ సంస్థ దిశ మార్చి బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానాన్ని పసిఫిక్ మీదుగా నడిపింది. సుమారు 15,300 కి.మీ. దూరాన్ని ఆ విమానం దాదాపు 14 గంటల 30 నిమిషాలలో పూర్తి చేసింది. పాత దారి కంటే 1,400 కి.మీ. ఎక్కువ ప్రయాణించినా దాదాపు రెండు గంటల సమయం కలిసివచ్చింది.

ఈ రెండు ప్రయాణాల సగటు వేగాలను పోల్చితే రహస్యం బయటపడుతుంది. 15,300 కిలోమీటర్లను పద్నాలుగున్నర గంటలతో భాగిస్తే గంటకు దాదాపు 1,055 కి.మీ. వస్తుంది. 13,900 కిలోమీటర్లను పదహారున్నర గంటలతో భాగిస్తే గంటకు దాదాపు 840 కి.మీ. మాత్రమే. రెండు సందర్భాల్లోనూ విమానం ఇంజిన్ల శక్తి ఒక్కటే. గాలిలో దాని వేగమూ దాదాపు ఒక్కటే. మారినదల్లా గాలి దిశ. తూర్పు దారిలో గాలి వెనుక నుంచి తోసింది. పడమటి దారిలో ఎదురు నిలిచింది.

ఏటి ప్రవాహంతో పాటు సాగే పడవకూ, ఎదురు వెళ్లే పడవకూ ఉన్న తేడా లాంటిదే ఇది. తెడ్డు వేసేవాడి బలం ఒక్కటే అయినా ఒడ్డున నిలిచి చూసేవారికి రెండు పడవల వేగాలు వేరుగా కనిపిస్తాయి. విమానం విషయంలోనూ గాలిలో వేగం వేరు, నేలపై నుంచి కొలిచే వేగం వేరు. గడియారాన్ని శాసించేది రెండవదే.

పైన పారే గాలి నదులు

ఈ గాలి ప్రవాహాలకు జెట్ స్ట్రీమ్ అని పేరు. భూమికి సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున, అంటే విమానాలు ఎగిరే ఎత్తులోనే, ఇవి పడమర నుంచి తూర్పునకు వేగంగా వీస్తాయి. భూమధ్యరేఖ వైపు ఉన్న వెచ్చని గాలికీ, ధ్రువాల వైపు ఉన్న చల్లని గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడా వీటికి మూలం. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో కదిలే గాలి కుడివైపునకు మళ్లుతుంది. ఆ కారణంగా ఉత్తరానికి సాగే గాలి తూర్పునకు తిరుగుతుంది. శీతకాలంలో ఉష్ణోగ్రత తేడా పెరుగుతుంది కనుక జెట్ స్ట్రీమ్ కూడా బలపడుతుంది. తూర్పు ఆసియా నుంచి పసిఫిక్ వైపు వీచే ప్రవాహం ప్రపంచంలోని బలమైన వాటిలో ఒకటి.

దీని శక్తికి అట్లాంటిక్‌పై నమోదైన రెండు ఉదాహరణలు ప్రసిద్ధం. 2020 ఫిబ్రవరిలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాలలోనే చేరింది. 2024 ఫిబ్రవరిలో వాషింగ్టన్ నుంచి లండన్ వెళ్తున్న వర్జిన్ అట్లాంటిక్ విమానం ఒక దశలో నేలపై కొలిచే వేగంలో గంటకు 1,280 కి.మీ. దాటింది. ఇది నేల మట్టంలో ధ్వని వేగం కంటే ఎక్కువ. అయినా ఆ విమానం ధ్వని వేగాన్ని దాటినట్టు కాదు. దాని చుట్టూ ఉన్న గాలి కూడా దానితో పాటే కదులుతోంది కనుక గాలిలో దాని వేగం మామూలుగానే ఉంది.

భూమి పడమర నుంచి తూర్పునకు తిరుగుతుంది కాబట్టి పడమటికి వెళ్లే విమానం కిందకు గమ్యమే ఎదురు వస్తుందని కొందరు భావిస్తారు. అది నిజం కాదు. భూమితో పాటు వాతావరణం కూడా తిరుగుతుంది. రన్‌వేపై నిలిచి ఉన్న విమానానికి కూడా ఆ వేగం ముందే ఉంటుంది. ఒక వైపు ప్రయాణం తొందరగా ముగిసి, మరో వైపు ఆలస్యం కావడానికి కారణం భూభ్రమణం నేరుగా కాదు, ఎత్తున వీచే గాలులే.

ధ్రువం మీదుగా మూడో దారి

తూర్పు, పడమరలు కాక మరో దారి కూడా ఉంది. 2021 జనవరి 9న శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా ప్రయాణించి 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోనావరే, కెప్టెన్ శివాని మన్హాస్ ఆ విమానాన్ని నడిపారు. పైలట్లందరూ మహిళలే కావడం వల్ల ఆ ప్రయాణం దేశమంతటి దృష్టినీ ఆకర్షించింది. ఈ రెండు నగరాల మధ్య మహావృత్త దూరం సుమారు 13,990 కి.మీ.

ధ్రువ మార్గంలో దూరం తగ్గుతుంది, ఇంధనం ఆదా అవుతుంది. అయితే అందుకు ప్రత్యేక అనుమతులు, శిక్షణ, సన్నాహాలు అవసరం. అయస్కాంత దిక్సూచి ధ్రువ సమీపంలో సరిగా పనిచేయదు. విమాన ఇంధనంలో ఒక రకం మైనస్ 40 డిగ్రీల వద్ద, మరో రకం మైనస్ 47 డిగ్రీల వద్ద గడ్డకట్టడం మొదలవుతుంది. కాబట్టి ట్యాంకులలోని ఇంధన ఉష్ణోగ్రతపై నిరంతరం కన్నేసి ఉంచాలి. సూర్యుడి నుంచి వెలువడే కణాల తాకిడి అక్కడ ఎక్కువగా ఉంటుంది. సౌర తుపాను వచ్చిన రోజు దారి మార్చక తప్పదు.

ఇంజిన్ ఆగితే ఎక్కడ దిగాలి?

రెండు ఇంజిన్ల విమానం ప్రయాణంలో ప్రతి క్షణం ఒక నియమానికి కట్టుబడి ఉండాలి. ఒక ఇంజిన్ ఆగిపోయినా మిగిలిన ఇంజిన్‌తో నిర్ణీత సమయంలోగా ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలగాలి. ప్రత్యేక అనుమతి లేని విమానాలకు ఈ పరిమితి సాధారణంగా 60 నిమిషాలు. సామర్థ్యం నిరూపించుకున్న విమానాలకు, సంస్థలకు 180 నిమిషాలు, కొన్ని సందర్భాల్లో అంతకన్నా ఎక్కువ అనుమతిస్తారు. మహాసముద్రాలపై, ధ్రువ ప్రాంతంలో విమానం గీసే దారి ఈ అత్యవసర విమానాశ్రయాల చుట్టూనే అల్లుకొని ఉంటుంది.

ఈ నియమం ఎంత కీలకమో 2023 జూన్ 6న తెలిసింది. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా ఏఐ-173 విమానంలో ఒక ఇంజిన్‌లో సాంకేతిక సమస్య తలెత్తింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బందితో ఉన్న ఆ విమానం రష్యా తూర్పు కొసన ఉన్న మగడాన్ నగరంలో సురక్షితంగా దిగింది. ప్రయాణికులకు అక్కడ తాత్కాలిక వసతి కల్పించారు. మరుసటి రోజు ముంబయి నుంచి మరో విమానాన్ని పంపగా, ప్రయాణికులు జూన్ 8న మగడాన్ నుంచి బయలుదేరి శాన్ ఫ్రాన్సిస్కో చేరుకున్నారు. 14 గంటలుగా భావించిన ప్రయాణం రోజులకు పెరిగింది. అయినా నియమం తన పని తాను చేసింది. అవసరమైన సమయంలో దిగడానికి ఒక రన్‌వే అందుబాటులో ఉంది.

ఆకాశానికీ సరిహద్దులున్నాయి

గాలి, పర్వతాలు ప్రకృతి విధించే షరతులు. వాటికి మించి ప్రయాణ కాలాన్ని మార్చేవి దేశాల నిర్ణయాలు. 1944 డిసెంబరు 7న షికాగోలో సంతకాలు జరిగిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం మొదటి అధికరణమే ప్రతి దేశానికీ తన భూభాగంపై ఉన్న గగనతలంపై సంపూర్ణ, ప్రత్యేక సార్వభౌమాధికారం ఉందని గుర్తించింది. అంటే ఒక దేశం తలుపు మూస్తే విమానం చుట్టూ తిరిగి పోవలసిందే.

2019 ఫిబ్రవరి 26 నాటి బాలాకోట్ దాడుల తరువాత పాకిస్థాన్ తన గగనతలాన్ని మూసివేసింది. జులై 16న తిరిగి తెరిచేవరకు ఉత్తర భారతం నుంచి పడమటికి వెళ్లే విమానాలు గుజరాత్, అరేబియా సముద్రం మీదుగా చుట్టి వెళ్లాయి. ఢిల్లీ – ఇస్తాంబుల్ మధ్య నేరుగా నడవవలసిన ఇండిగో విమానం ఇంధనం కోసం దోహాలో ఆగవలసి వచ్చింది. ఆ మూసివేత వల్ల ఎయిర్ ఇండియాకు జులై 2 నాటికి రూ.491 కోట్ల నష్టం వాటిల్లిందని అప్పటి పౌర విమానయాన మంత్రి హర్‌దీప్ సింగ్ పురి రాజ్యసభకు తెలిపారు. స్పైస్‌జెట్‌కు రూ.30.73 కోట్లు, ఇండిగోకు రూ.25.1 కోట్లు, గోఎయిర్‌కు రూ.2.1 కోట్ల నష్టం జరిగినట్టు అదే సమాధానంలో పేర్కొన్నారు.

2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత అమెరికా, ఐరోపా సమాఖ్య, బ్రిటన్, కెనడా తమ గగనతలాన్ని రష్యా విమానాలకు మూశాయి. రష్యా ప్రతిగా అదే పని చేసింది. రష్యా మీదుగా వెళ్లలేకపోవడంతో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన శాన్ ఫ్రాన్సిస్కో – ఢిల్లీ సర్వీసును నిలిపివేసింది. భారత విమానాలకు ఆ నిషేధం వర్తించలేదు. అదే రెండు నగరాలు, అదే దూరం. ఒక దేశపు సంస్థకు తెరిచి ఉన్న దారి మరో దేశపు సంస్థకు మూసుకుపోయింది.

పహల్గాం ఉగ్రదాడి తరువాత 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ మళ్లీ భారత విమానాలకు గగనతలాన్ని మూసింది. ఏప్రిల్ 30న భారత్ కూడా పాకిస్థాన్ విమానాలకు తలుపులు మూసింది. ఆ తరువాత ఇరు దేశాలూ నిషేధాన్ని నెల చొప్పున పొడిగిస్తూ వచ్చాయి. ఉత్తర అమెరికా ప్రయాణాలలో కొన్ని ఎయిర్ ఇండియా విమానాలు ఇంధనం కోసం వియన్నా వంటి నగరాలలో ఆగవలసి వచ్చింది. 2025 సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ – వాషింగ్టన్ సర్వీసును ఆ సంస్థ నిలిపివేసింది. విమానాల ఆధునికీకరణ వల్ల ఏర్పడిన కొరతతో పాటు పాకిస్థాన్ గగనతల మూసివేతను కూడా కారణంగా చూపింది. 2025 నవంబరు ఆరంభంలో మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో ముందుజాగ్రత్తగా దిగిన ఎయిర్ ఇండియా విమానం శాన్ ఫ్రాన్సిస్కో నుంచి కోల్‌కతా మీదుగా ఢిల్లీకి రావలసినది. పడమటి ద్వారం మూసుకుపోయిన తరువాత తిరుగు ప్రయాణం కూడా తూర్పు ద్వారం నుంచే సాగుతోందనడానికి అది నిదర్శనం.

దక్షిణాసియాలో ఈ వైపరీత్యానికి పరాకాష్ఠ ఢిల్లీ – లాహోర్. రెండు నగరాల మధ్య గగన దూరం సుమారు 420 కి.మీ. మాత్రమే. నేరుగా విమానాలు లేనందున దుబాయి మీదుగా వెళితే 4,100 కిలోమీటర్లకు పైగా, అంటే దాదాపు పది రెట్ల దూరం ప్రయాణించాలి.

ఇంధనాన్ని మోయడానికీ ఇంధనం కావాలి

ప్రయాణం ఒక గంట పెరిగితే ఖర్చు ఒక గంట ఇంధనంతో ఆగదు. అదనపు ఇంధనం నింపితే విమానం బరువు పెరుగుతుంది. పెరిగిన బరువును మోయడానికి మరికొంత ఇంధనం ఖర్చవుతుంది. విమానం గరిష్ఠ బరువుకు పరిమితి ఉంటుంది కాబట్టి ఒక దశ దాటాక సరుకు తగ్గించాలి, లేదా కొన్ని సీట్లు ఖాళీగా ఉంచాలి. అదీ చాలకపోతే మధ్యలో దిగి ఇంధనం నింపుకోవాలి. వేసవి మధ్యాహ్నం వేడి గాలి పలచబడి రెక్కలకు ఊతం తగ్గుతుంది. ఆ సమయంలో బయలుదేరే విమానం పూర్తి బరువుతో లేవడం మరింత కష్టం.

పైలట్లు, సిబ్బంది పనిగంటలకూ పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనలు పరిమితి విధిస్తాయి. సుదీర్ఘ ప్రయాణాలలో వంతులవారీగా విశ్రాంతి తీసుకునేందుకు అదనపు పైలట్లను పంపుతారు. మధ్యలో ఆగడం వల్ల సిబ్బంది పనిగంటలు పరిమితి దాటే పక్షంలో ఆ నగరంలో మరో బృందాన్ని సిద్ధంగా ఉంచాలి. ఈ ఖర్చులన్నీ చివరకు టికెట్ ధరలోకి చేరతాయి.

టికెట్‌పై గంటలను చదవడం ఎలా?

టికెట్‌పై కనిపించే ప్రయాణ కాలం ఆకాశంలో ఎగిరిన సమయం మాత్రమే కాదు. విమానం నిలిపిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, గమ్యంలో నిలిచే క్షణం వరకు లెక్కిస్తారు. విమానయాన రంగంలో దీనిని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే వరకు నడిచే సమయం, వరుసలో వేచి ఉండే సమయం, దిగేముందు గాలిలో చక్కర్లు కొట్టే అవకాశం కూడా అందులో కలుస్తాయి. గాలులు ఋతువును బట్టి మారతాయి కనుక ఒకే విమానానికి వేసవి, శీతకాల షెడ్యూళ్లలో వేర్వేరు ప్రయాణ కాలాలు కనిపించడం సహజం.

బయలుదేరే సమయం, చేరే సమయం రెండూ ఆయా నగరాల స్థానిక సమయాలు. భారత కాలమానం గ్రీనిచ్ సమయం కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. శాన్ ఫ్రాన్సిస్కో కాలమానం శీతకాలంలో ఎనిమిది గంటలు, వేసవిలో ఏడు గంటలు వెనుక ఉంటుంది. మార్చి రెండవ ఆదివారం అక్కడ గడియారాన్ని ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనుకకు జరుపుతారు. అందువల్ల రెండు నగరాల మధ్య తేడా వేసవిలో పన్నెండున్నర గంటలు, శీతకాలంలో పదమూడున్నర గంటలు.

వేసవి కాలమానం అమల్లో ఉన్న రోజున ఢిల్లీలో ఉదయం 4 గంటలకు బయలుదేరి పద్నాలుగున్నర గంటలు ప్రయాణించిన విమానం దిగేటప్పటికి భారత్‌లో సాయంత్రం 6.30 అవుతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో అప్పుడు అదే రోజు ఉదయం 6 గంటలు. గడియారం చూస్తే రెండు గంటల ప్రయాణంలా కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో దీనికి విరుద్ధం జరుగుతుంది. శీతకాలంలో సోమవారం రాత్రి 10 గంటలకు అక్కడ బయలుదేరి 16 గంటలు ప్రయాణించినవారు ఢిల్లీలో దిగేది బుధవారం తెల్లవారుజామున 3.30కి. మంగళవారం క్యాలెండర్ నుంచి దాదాపు మాయమవుతుంది. పరీక్షలు, వివాహాలు, వీసా ఇంటర్వ్యూల కోసం వచ్చేవారు ఈ తేదీ మార్పును ముందుగానే లెక్కలోకి తీసుకోవాలి.

హైదరాబాద్ ప్రయాణికుల లెక్క

తెలుగు రాష్ట్రాల నుంచి శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతానికి రాకపోకలు ఎక్కువ. హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరుగా విమానం కావాలన్న కోరిక 2021 జనవరిలో షికాగో సర్వీసుతో కొంతకాలం తీరినా అది తరువాత నిలిచిపోయింది. హైదరాబాద్ – శాన్ ఫ్రాన్సిస్కో మహావృత్త దూరం సుమారు 13,500 కి.మీ. ఢిల్లీ మీదుగా వెళితే రెండు అంచెలూ కలిపి కనిష్ఠంగా సుమారు 13,700 కి.మీ., దుబాయి మీదుగా సుమారు 15,600 కి.మీ., సింగపూర్ మీదుగా సుమారు 16,900 కి.మీ. అవుతుంది.

కిలోమీటర్ల ప్రకారం ఢిల్లీ దారి దగ్గర. అయితే అది మహావృత్తం లెక్క మాత్రమే. టిబెట్‌ను చుట్టడం, గగనతల నిషేధం, మధ్యలో ఇంధనం కోసం ఆగడం కలిస్తే ఆ ఆధిక్యం తగ్గిపోతుంది. సింగపూర్ దారి పొడవైనా పసిఫిక్‌పై గాలి వెనుక నుంచి తోస్తుంది. వీటన్నింటి కంటే మధ్య విమానాశ్రయంలో వేచి ఉండే గంటలే మొత్తం ప్రయాణ కాలాన్ని ఎక్కువగా మారుస్తాయి.

కాబట్టి టికెట్ కొనేటప్పుడు ఆకాశంలో గడిపే సమయం కాక మొత్తం ప్రయాణ కాలాన్ని పోల్చడం మంచిది. విమానం మధ్యలో ఎక్కడైనా సాంకేతిక విరామం కోసం ఆగుతుందా, తదుపరి విమానం అదే టికెట్‌లో భాగమా అన్నది తెలుసుకోవాలి. రెండు విమానాలకు వేర్వేరుగా టికెట్లు కొన్నవారికి మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోతే సాధారణంగా విమానయాన సంస్థ బాధ్యత వహించదు. వృద్ధులు, చక్రాల కుర్చీ సహాయం అవసరమైనవారు మారే చోట కనీస వ్యవధి కంటే ఎక్కువ సమయం ఉండేలా చూసుకోవాలి. ఢిల్లీలో డిసెంబరు, జనవరి మాసాల పొగమంచు వల్ల ఆలస్యాలు మామూలే కనుక ఆ రోజుల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఢిల్లీ, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య 12,400 కిలోమీటర్లు రేపు కూడా అంతే ఉంటాయి. ఆ దూరం 14 గంటలా, 17 గంటలా, మధ్యలో ఒక మజిలీతో 20 గంటలా అన్నది మాత్రం ఆ రోజు వీచే గాలి, ఆ నెల తెరిచి ఉన్న గగనతలం తేలుస్తాయి.